బీరాంగనలు: 1971 యుద్ధం మిగిల్చిన సామాజిక గాయం

1971 బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం, దానికి తోడ్పడిన రజాకార్లు (హైదరాబాద్ సంస్థానపు రజాకార్లతో సంబంధం లేని స్థానిక సాయుధ దళం) సాగించిన అత్యాచారాలకు రెండు నుంచి నాలుగు లక్షల మంది స్త్రీలు గురయ్యారని అంచనా. 1971 డిసెంబరులో కొత్త ప్రభుత్వం వీరిని ‘బీరాంగనలు’, అంటే వీరవనితలు, అని ప్రకటించి పునరావాస కేంద్రాలు తెరిచినా, గౌరవంగా ఇచ్చిన ఆ బిరుదే పల్లెల్లో వారిని వేలెత్తి చూపే గుర్తుగా మారడం ఈ చరిత్రలో అత్యంత బాధాకరమైన అంశం.

నేరస్థుణ్ణి వదిలి బాధితురాలినే దోషిగా చూసే సంఘ దృష్టిని సామాజిక కళంకం అంటారు. దాని వల్ల ఎందరినో భర్తలు, తండ్రులు ఇంటికి రానివ్వలేదు. జరిగింది బయటపడితే కూతురి పెళ్లి సంబంధం తప్పిపోతుందన్న భయంతో తల్లులు దశాబ్దాల పాటు నోరు విప్పలేదు. ప్రభుత్వం గర్భస్రావ నిబంధనలను తాత్కాలికంగా సడలించి, 1972లో ప్రత్యేక ఉత్తర్వుతో ఆ అత్యాచారాల వల్ల పుట్టిన యుద్ధశిశువులను విదేశీయులకు దత్తత ఇచ్చేందుకు వీలు కల్పించడంతో, కెనడా వంటి దేశాలకు చేరిన ఆ పిల్లల్లో చాలామంది కన్నతల్లి ఎవరో తెలియకుండానే పెరిగారు. ఆ తల్లుల సమ్మతిని ఎంతవరకు అడిగారన్నది నేటికీ వేధించే ప్రశ్న.

1990లలో శిల్పి ఫిర్దౌసీ ప్రియభాషిణి తన అనుభవాన్ని బహిరంగంగా చెప్పడం ఆ మౌనాన్ని ఛేదించింది. 2015లో ప్రభుత్వం బీరాంగనలను ముక్తియోధులుగా, అంటే స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించడం మొదలుపెట్టి, వారికీ భత్యం వర్తింపజేసింది. అప్పటికే ఎందరో కన్నుమూశారు. అంతర్జాతీయ న్యాయమూ ఆలస్యంగానే కదిలింది: అత్యాచారం జాతి నిర్మూలన నేరం కాగలదని 1998లో రువాండా మారణకాండను విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ అకయేసు అనే నిందితుడి కేసులో తొలిసారిగా తీర్పునిచ్చింది.