అందరి వంటగదిలో నీ వంతు

చిన్నా,

అమెరికాలో నీకిచ్చిన హాస్టల్లో ఫ్లోరంతటికీ ఒకటే వంటగది అని నువ్వు కంగారు పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. నాకైతే సంతోషంగా ఉంది. గది తలుపేసుకుని ఒక్కడివే నూడుల్స్ తినడం అలవాటయ్యేలోపే ఆ వంటగదిలో కాలుపెట్టు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ సెలవుల్లో చాలా యూనివర్సిటీల్లో డైనింగ్ హాళ్లు మూసేస్తారు, దగ్గరి ఊళ్లవాళ్లు ఇళ్లకు పోతారు. నీలా దూరం నుంచి వచ్చినవాళ్లే మిగులుతారు. ఆ వేళకు మీకొక జట్టు ఉండాలి.

వండిపెట్టడం వేరు, కలిసి వండుకోవడం వేరు. నువ్వొక్కడివే వండిపెడితే నాలుగు వారాలకు విసుగొస్తుంది, మిగతావాళ్లు ఎప్పటికీ చుట్టాల్లాగే కూర్చుంటారు. అందుకని ఉల్లిపాయ తరగడం రాని పిల్లాడికే కత్తి ఇవ్వు. ముక్కలు లావుగా వస్తే రానీ, పప్పులో ఉడికిపోతాయి. వాళ్లు తమ ఊరి వంట చేసే రోజున నువ్వు వాళ్లు చెప్పిన పని చెయ్యి.

మొదటి ఆదివారం టమాటా పప్పు పెట్టుకోండి. గ్లాసు కందిపప్పు నలుగురికి చాలు. అరగంట నానబెడితే కుక్కర్ లేకపోయినా ఉడుకుతుంది, కాస్త ఓపిక పట్టాలి. అసలు జాగ్రత్తంతా పోపు దగ్గర. అక్కడ చాలాచోట్ల కరెంటు పొయ్యిలే. గ్యాసు కట్టేసినట్టు స్విచ్ తిప్పగానే వేడి పోదు, ఎర్రగా కాలిన చుట్ట చాలాసేపు కాగుతూనే ఉంటుంది. ఎండుమిర్చి మాడు వాసన వచ్చాక స్విచ్ కోసం తడుముకుని లాభం లేదు, గిన్నెనే పక్కకు తియ్యాలి. నేనైతే ముందు ఫ్యాన్ వేసి, నూనె సన్నసెగనే కాగనిచ్చి, ఆవాలు చిటపటమనగానే గిన్నె దించేస్తాను. జీలకర్ర, మిర్చి, ఇంగువ ఆ వేడికే వేగిపోతాయి. పొగ కమ్మితే అలారం మోగి, బిల్డింగంతా చలిలో బయట నిలబడాల్సి వస్తుంది. నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పొయ్యకు. మూత పెట్టి పొయ్యి కట్టెయ్. గుండ్రటి అడుగు మూకుడు ఆ పొయ్యి మీద కుదురుగా నిలవదు, తీసుకెళ్లకు. ఇక్కడి మిక్సీ కూడా వద్దు. మనది 230 వోల్టులు, అక్కడ 120.

ఎవరికి ఏం పడదో వడ్డించేటప్పుడు కాదు, సరుకులు కొనేముందే అడుగు. మనం పులిహోరలో పల్లీలు, పొడుల్లో నువ్వులు ఆలోచించకుండా వేసేస్తాం. పల్లీ పడనివాళ్లకు ఆ పొడి తగిలిన గరిటె కూడా ప్రమాదమే. నువ్వులను కూడా 2023 నుంచి అక్కడి ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ దినుసుల్లో చేర్చారు. మన డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివాళ్లుంటే ఆ రోజుకు ఇంగువ మానెయ్. మాంసం తినని వాళ్లకు, పంది మాంసం ముట్టని వాళ్లకు ఒక గిన్నె, ఒక గరిటె విడిగా ఉంచండి. ఎదుటివాళ్లు నోరు తెరిచి అడిగేదాకా ఆగకండి, అడగడానికి చాలామంది మొహమాటపడతారు.

మిగిలిన అన్నం గట్టు మీద వదలకు. రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టు. వండినా చావని బ్యాక్టీరియా బీజాలు అన్నంలో ఉంటాయి. బయట ఉన్నకొద్దీ అవి పెరిగి విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

గిన్నెలు మాత్రం తిన్న వెంటనే, అందరూ ఉండగానే తోముకోండి. రేపు చూద్దామని సింకులో పడేస్తే మాటామాటా పెరిగేది అక్కడే. నూనె సింకులో పారబోయకండి, పేపరుతో తుడిచి చెత్తబుట్టలో వెయ్యండి.

కందిపొడి, ఇంగువ, చింతపండు విడివిడిగా కట్టి మీ అమ్మకు పంపుతున్నాను. కందిపొడి పల్లీ, నువ్వులు లేకుండానే కొట్టాను, ఆ సంగతి డబ్బా మీద ఇంగ్లీషులో రాశాను. మొదటి ఆదివారం పప్పు అయ్యాక ఫోన్ చెయ్యి, ఎవరెవరు వచ్చారో చెబుదువుగాని.

ఆశీస్సులతో,
మీ పిన్ని