‘ఫారం’ – ఒక పద పరిశీలన

ప్రతి సంవత్సరము కళాశాల తెరువగానే మన విద్యార్థులు మొదట చేత బట్టునది పుస్తకము కాదు, ఫారం. ప్రవేశమునకొక ఫారం, ఉపకార వేతనమునకొక ఫారం, బస్సు పాసునకొక ఫారం, పరీక్షకు మరియొక ఫారం. నేడది కాగితముపై గాక కంప్యూటరు తెరపై కనబడుచుండవచ్చును గాని, దాని పేరు మాత్రము మారలేదు. ఇంతగా వాడుకలోనున్న ఈ మాటకు అర్థమేమియని ఒకమారు తరగతిలో ప్రశ్నించితిమి. “నింపే కాగితం” అని ఒకరు, “దరఖాస్తు” అని ఇంకొకరు, “కోళ్లను పెంచే చోటు” అని వెనుక బెంచీ నుండి వేరొకరు జవాబిచ్చిరి. తరగతి యంతయు నవ్వినది. కాని ఆ మూడవ జవాబు నవ్వి విడువదగినది కాదని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

పుట్టుక

ఇంగ్లీషులోని ‘ఫారం’ పుట్టినిల్లు లాటిన్ భాష. అచ్చట దీని రూపము ‘ఫోర్మా’. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు వేలకొలదిగా ఇంగ్లీషున ప్రవేశించెను. ఇదియు పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దములో ఆ భాషను చేరినది. అంతకు ముందు ఇంగ్లీషువారికి ఈ భావమును తెలుపు మాటలు లేకపోలేదు. నేటి ‘షేప్’, ‘హ్యూ’ అను మాటల పూర్వరూపములు వారికి కలవు. ‘షేప్’ సృష్టించుట అను అర్థముగల ధాతువు నుండి వచ్చినది. ‘హ్యూ’ ఒకప్పుడు ఆకారమును తెలిపి, నేడు రంగు అను అర్థమున నిలిచినది.

లాటిన్ ‘ఫోర్మా’కు ఆకారమనియే గాక అచ్చు, మూస అనియు అర్థము. చెప్పులు కుట్టువాని కొయ్య అచ్చు ఫోర్మా. నాణెముపై ముద్ర వేయు అచ్చు ఫోర్మా. ఫ్రెంచివారు చీజ్‌ను ‘ఫ్రొమాజ్’ అందురు. అచ్చులో పోసి చేసినది గనుక దానికా పేరు వచ్చినది. ఫోర్మాకు అందము అను అర్థము కూడ కలదు. దాని నుండియే అందమైన అను అర్థములో ‘ఫోర్మోసుస్’ అను విశేషణము ఏర్పడినది. పోర్చుగీసు నావికులు తైవాన్ ద్వీపమునకు ‘ఫొర్మోసా’ యని పేరిడుటకు కారణమిదియే. గ్రీకు భాషలో ఆకారమునకు ‘మోర్ఫే’ అందురు. ‘మోర్ఫే’, ‘ఫోర్మా’లు ఒకే మాట అక్షరములు తారుమారైన రూపములని కొందరు పండితులు ఊహించిరి గాని అది నిర్ధారణ కాలేదు.

మన భాషలలో

ఈ భావమునకు సంస్కృతమున ‘రూపము’ కలదు. దాని వికృతియే మన ‘రూపు’. రూపముగలవాడు రూపవంతుడు, అనగా అందగాడు. రూపము అందరికిని ఉండునది. ‘రూపసి’ యని కొందరినే అనుచున్నాము. ‘రూప్య’ శబ్దమును సాధించుచు పాణిని దానికి రెండర్థములు చెప్పినాడు. ఒకటి ముద్ర కొట్టబడినది, రెండవది ప్రశంసింపదగిన రూపము గలది. నాణెపు ముద్రయు, అందమును లాటిన్ ఫోర్మాలో కలిసియున్నట్లే ఇచ్చటను కలిసియున్నవి. మన ‘రూపాయి’ ఈ రూప్యము నుండి వచ్చినదే. 1540 నుండి 1545 వరకు ఢిల్లీ నేలిన షేర్షా సూరి వెండి రూపాయిని స్థిరపరచిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే.

ఉర్దూ విద్యార్థులకు ‘సూరత్’ పరిచితమైన మాట. అరబీ నుండి వచ్చిన ఈ పదమునకు రూపము, ముఖము, పరిస్థితి అని అర్థములు. దానికి ఫారసీ ‘ఖూబ్’ చేర్చి ‘ఖూబ్‌సూరత్’ అన్నచో మంచి రూపము గలది, అనగా అందమైనది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు ప్రతి వస్తువును ద్రవ్యము, రూపము అని రెండుగా విడదీసి చెప్పెను. ఇబ్న్ సీనా (980–1037) మొదలగు తత్త్వవేత్తలు ఆ రూపమునకు అరబీలో ‘సూరత్’ అను మాటనే వాడిరి. వారి గ్రంథములు లాటిన్‌లోనికి అనువదింపబడినపుడు ఆ సూరత్ మరల ‘ఫోర్మా’ యైనది. లాటిన్, సంస్కృతములు ఒకే భాషాకుటుంబమునకు చెందినవి. అరబీ వేరు కుటుంబము. అయినను రూపమును తెలుపు మాట అందమును తెలుపుట మూడింటను కనబడుచున్నది. మనుష్యుల ఆలోచన భాషల సరిహద్దులలో ఆగిపోదనుటకు ఇంతకు మించిన నిదర్శనమేమి కావలెను?

అర్థ విస్తృతి

ఇంగ్లీషులో ఈ మాట పలు దిక్కులకు సాగినది. పొడవాటి బల్లకు ‘ఫారం’ అను పేరు కలదు. బడిలో ఒక బల్లపై కూర్చున్నవారి తరగతికి అదియే పేరైనదని చెప్పుదురు. పూర్వము మద్రాసు రాజధానిలో అయిదవ తరగతి పిమ్మట ఫస్టు ఫారం మొదలై సిక్స్తు ఫారంతో హైస్కూలు చదువు ముగిసెడిది. మన తాతలు “నేను థర్డు ఫారం చదివితిని” అనుటలోని రహస్యమిది. ముద్రణాలయములలో ఒకేసారి అచ్చగు పుటల సముదాయము ఫారం. పుస్తకపు సైజును బట్టి ఎనిమిదో పదహారో పుటలు ఒక ఫారమగును. కుందేలు గడ్డిలో పడుకొనగా ఏర్పడు గుంట కూడ ఇంగ్లీషువారికి ఫారమే. క్రికెట్ ఆటగాడు బాగుగ ఆడుచున్న ‘ఫారంలో ఉన్నాడు’. నిర్ణీతమైన మాటల తీరులో వ్రాయబడి, ఖాళీలు విడిచిన పత్రము చివరకు మన చేతిలోని ఫారమైనది.

దీని సంతానమును మన ఊళ్లలోనే చూడవచ్చును. ఒకే రూపము గలది యూనిఫారం. చదునైన రూపము ప్లాట్‌ఫారం. చిన్న ఫోర్మా ఫార్ములా. విద్యుత్తు వోల్టేజిని మార్చునది ట్రాన్స్‌ఫార్మరు. ‘ఇన్‌ఫర్మేషన్’ అను మాటకు మూలార్థము మనస్సునకు రూపము నిచ్చుట.

కాని వేషము చూచి చుట్టరికము కలుపరాదు. ‘పెర్‌ఫార్మ్’ అను క్రియ ఫోర్మా నుండి పుట్టలేదు. పూర్తిచేయుట అను అర్థముగల వేరొక ఫ్రెంచి మాట, ‘ఫారం’ సహవాసముచే ఈ వేషము వేసినది. రసాయన శాస్త్రములోని ఫార్మిక్ ఆమ్లమునకు మూలము లాటిన్‌లో చీమ పేరు. ఇక కోళ్ల ఫారం సంగతి. అది లాటిన్ ‘ఫిర్మా’ నుండి వచ్చిన వేరొక పదము. స్థిరపరచిన చెల్లింపు అని దాని మొదటి అర్థము. అందుండి కౌలు, కౌలు భూమి, తుదకు సాగుభూమి అను అర్థములు వచ్చెను. మన ‘కౌలు’ కూడ మాట, ఒప్పందము అను అర్థముగల అరబీ పదమే యగుట విశేషము. ఇంగ్లీషులో వేర్వేరుగా వ్రాయు రెండు మాటలు తెలుగు లిపిలో ఒకటైపోయినవి. ఇట్లే రూపమనెడి ‘సూరత్’, ఖురాన్ అధ్యాయమనెడి ‘సూరత్’ ఉర్దూ లిపిలో వేర్వేరు అక్షరములతో మొదలగును. తెలుగులో వ్రాసినచో ఆ భేదము నశించును.

మాట నుండి పనికి

లిపి మారినపుడు భేదములు నశించుట, లేని భేదములు పుట్టుట కేవలము పండితుల వినోదము కాదు. కొన్ని సంవత్సరముల క్రితము మా విద్యార్థి యొకడు ఉపకార వేతనపు ఫారం నింపెను. పదవ తరగతి సర్టిఫికెట్టులో అతని పేరు ముందు ‘ఎం.డి.’ యని రెండక్షరములు. బ్యాంకు పుస్తకములో ‘మహమ్మద్’ అని పూర్తిగా. ఆధారమునకు జతపరచిన మరియొక పత్రములో ‘మొహమ్మద్’. ఉర్దూలో ఈ మూడును ఒకే పేరు. కాని కార్యాలయము వారు ముగ్గురు మనుష్యులుగా నెంచి ఫారమును త్రిప్పి పంపిరి. సరిదిద్దించులోగా గడువు దాటినది. తండ్రి అప్పుచేసి ఫీజు కట్టెను. ఆ ఫారమును పరిశీలించి సంతకము చేసినవారిలో మేమును ఉంటిమి. మూడు లిపులు చదువగలిగియు పేరును పోల్చి చూడకపోతిమి. ఆ లోపము మాది.

ఫారమనగా అచ్చు అని పైన చెప్పుకొంటిమి. అచ్చులో పోసినది చల్లారిన తరువాత దానిని మార్చుట కష్టము. కనుక విద్యార్థినీ విద్యార్థులారా, మీ పేరును ఒకే తీరున వ్రాయుట నేడే స్థిరపరచుకొనుడు. సర్టిఫికెట్టులోని ప్రతి అక్షరమును ఎదుట నుంచుకొని ఫారం నింపుడు. భేదము కనబడినచో గడువునకు ముందే మాకు చూపుడు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటి కలదు. ప్రవేశముల దినములలో ఉర్దూ తెలిసినవారొకరు, తెలుగు తెలిసినవారొకరు ఒకే బల్లవద్ద కూర్చుండి ప్రతి ఫారములోని పేరును సరిచూచునట్లు ఏర్పాటు చేయింపవలెను. ఆ బల్లవద్ద కూర్చుండుటకు మేము సిద్ధముగనున్నాము.