అమ్మమ్మల కాలంలో వినని జబ్బు, ఇప్పుడెందుకు?

ప్రశ్న: నా వయసు 38. మా పిన్నికి 45 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకూ వస్తుందా? ఈ జబ్బు ఇప్పుడెందుకు పెరిగింది?
– ఒక సోదరి, జంపని

జవాబు: భయపడకండమ్మా. పిన్నికి వచ్చిందని మీకూ వచ్చి తీరుతుందనేమీ లేదు. ఒకప్పుడు మన ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువ. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. చిన్న వయసులోనే రజస్వల కావడం, తొలి కాన్పు ఆలస్యం కావడం, కాన్పులు తగ్గడం, బిడ్డకు తక్కువ కాలం పాలివ్వడం వల్ల రొమ్ముపై ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావం ఎక్కువ కాలం ఉండి, ముప్పు పెరుగుతుంది. ముట్లుడిగాక పెరిగే బరువూ ముప్పే.

మీరు చేయాల్సినవి:
• నెలసరి ముగిశాక రొమ్ములు, చంకలు తడిమి చూసుకోండి.
• రోజూ అరగంట చురుగ్గా నడవండి.
• ఏటా డాక్టరుతో పరీక్ష చేయించుకోండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఎప్పటి నుంచి తీయించుకోవాలో అడగండి.
• దగ్గరి బంధువుల్లో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే తప్పక చెప్పండి. జన్యు పరీక్ష అవసరం కావచ్చు.

గడ్డ, చర్మంపై సొట్ట, లోపలికి లాక్కుపోయిన చనుమొన, దాని నుంచి రక్తస్రావం కనిపిస్తే, నొప్పి లేకపోయినా వారంలోపే తెనాలిలో సర్జన్‌కు చూపించండి. క్యాన్సర్ అని తేలితే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చికిత్స ఉంది. తొలి దశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.