దూరపు యుద్ధము, మన పత్తి ధర: 1914 నేర్పిన పాఠము

పంచాయతీ సభ్యులకు యుద్ధ చరిత్ర ఎందుకని కొందరు అడుగవచ్చును. వేల మైళ్ల దూరమున సైన్యములు కదలినపుడు మన నల్లరేగడి చేలలోని పంట ధర ఎట్లు మారునో గ్రహించుటకు అది అవసరమని మేము భావించుచున్నాము.

1914 జూలై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధము ప్రకటించెను. వారము దినములలో జర్మనీ, రష్యా, ఫ్రాన్సు, బ్రిటను కూడ రంగమున దిగెను. ముందు ఫ్రాన్సును త్వరితముగ ఓడించి, పిమ్మట రష్యాపైకి మరలవలెనని జర్మనీ పన్నుగడ. దాని సేనలు బెల్జియము మీదుగా పారిస్ సమీపమునకు వచ్చెను. సెప్టెంబరులో మార్న్ నది యొద్ద ఫ్రెంచి, బ్రిటిషు సేనలు వానిని నిలువరించెను. తూర్పున ఆగస్టు చివర టానెన్‌బర్గ్ వద్ద రష్యా సైన్యమొకటి చెదరిపోయెను. పశ్చిమమున ఇరుపక్షములును కందకములు త్రవ్వుకొనెను. కొలది నెలలలో ముగియునని పలువురు తలచిన యుద్ధము నాలుగేండ్లు సాగెను.

పరపాలనలో నున్న మన దేశమును ఎవరును సమ్మతి అడుగలేదు. సెప్టెంబరు చివర భారత సైనికులు ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవున దిగిరి. అక్టోబరు 31న బెల్జియములో పోరాడిన ఖుదాదాద్ ఖాన్ విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారత సైనికుడు. నవంబరులో భారత దళములు బస్రాను పట్టుకొనెను. తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద ఓడి వెనుదిరిగెను.

యుద్ధము మన తీరమునకును వచ్చెను. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మను నౌక మద్రాసు రేవులోని చమురు తొట్లపై గుండ్లు ప్రేల్చెను. కాల్పులు కొలదిసేపే సాగినను, భయముచే వేలాది జనులు నగరము విడిచి పోయిరి. గుండ్లు ఎక్కువగా రేవు పరిసరములనే తాకెను. పుకార్లు అంతకంటె దూరము పోయెను. నవంబరు 9న ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెన్‌ను కోకోస్ దీవుల వద్ద ధ్వంసము చేసెను.

రైతునకు తగిలిన దెబ్బ వేరు. ఒంగోలు తాలూకా ఆనాడు గుంటూరు జిల్లాలోనిదే. ఈ ప్రాంతపు పత్తికి వర్తకములో ‘కోకనాడ’ అని పేరు. భారతదేశపు పొట్టి పింజ పత్తిని జర్మనీ, ఆస్ట్రియా, బెల్జియము మిల్లులు విరివిగా కొనుచుండెడివి. యుద్ధముతో ఆ గిరాకి నిలిచెను. ఓడల రాకపోకలు చిక్కులలో పడెను. పత్తి ధర పడిపోయెను. దిగుమతి సరకులు మాత్రము ప్రియమయ్యెను. అమ్మునది చౌక, కొనునది ప్రియము అయినపుడు పంట బాగుగ పండినను బాకి తీరదు.

నేడు గుంటూరు మిరప పలు దేశములకు పోవుచున్నది. కావున సభ్యులు మూడు విషయములు గమనింపవలెనని మా మనవి. ఒకటి, కల్లోల సమయమున వార్తను సరిచూచి గ్రామసభలో తెలుపవలెను. రెండు, వాణిజ్యపు పంటతో పాటు కొంత నేలలో జొన్న, కంది, పశుగ్రాసము ఉండునట్లు రైతులకు నచ్చజెప్పవలెను. మూడు, ధర పడినపుడు తొందరపడి అమ్మక, గిడ్డంగి రసీదుపై అప్పు పొందు మార్గమును సహకార సంఘము ద్వారా ముందే ఏర్పరచుకొనవలెను. యుద్ధములను ఆపుట పంచాయతీ చేతిలో లేదు. వాని దెబ్బకు ఊరు ఒక్కమారుగా కూలకుండ చూచుట కొంతవరకు మన చేతిలోనిదే.