కంచె మీది మొక్కకు మోతాదు తెలియదు

ప్రశ్న: మా మామగారికి డెబ్భై ఏళ్లు, ఉబ్బసం ఉంది. ఎండబెట్టిన ఉమ్మెత్త ఆకు చుట్టలో పెట్టి రెండు దమ్ములు లాగితే ఆయాసం తగ్గుతుందని ఫోన్లో వీడియో చూశారు. కాలవగట్టు మీద ఆకులు కోసుకొచ్చి అటక మీద ఆరబెట్టారు. ఆయన మాట మేం కాదనలేం. మీరైనా చెప్పండి.
– ఒక కోడలు, రావులపాలెం

జవాబు: ఆ ఆకులు ఈరోజే తీసి గోతిలో పూడ్చెయ్యమ్మా. కోడలి మాట వినకపోతే ఈ పేజీ ఆయన చేతికివ్వు.

ఆ వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఉమ్మెత్త పొగకు ఆయాసం తగ్గించే గుణం ఉందని మనవాళ్లకు ఏనాటినుంచో తెలుసు. 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఈ వైద్యాన్ని మద్రాసు నుంచే ఇంగ్లండు పట్టుకెళ్లాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఐరోపాలో ఉబ్బసం రోగులు ఉమ్మెత్త సిగరెట్లు కాల్చారు. అందులో పనిచేసేది అట్రోపిన్, దాని తోబుట్టువులైన ఆల్కలాయిడ్లు. బిగుసుకున్న గాలిగొట్టాలను అవి వదులు చేస్తాయి.

ఆ అట్రోపిన్‌నే కొద్దిగా మార్చి ఇప్రాట్రోపియం అనే మందు తయారుచేశారు. ఆయాసంతో ఆస్పత్రికి వెళితే నెబులైజర్‌లో పోసే మందుల్లో చాలాసార్లు అదీ ఉంటుంది. ఇన్హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది 20 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో యాభైవేలో వంతు. అది ఊపిరితిత్తుల్లోనే పని ముగిస్తుంది, మెదడు దాకా పోదు. మీ మామగారు కోరుకుంటున్న ఉమ్మెత్త గుణం విషం తీసేసి, కొలిచి, డబ్బాలో పెట్టి మందుల షాపులో అమ్ముతున్నారు. డాక్టరు చేత రాయించుకోవడమే తరవాయి.

గట్టు మీది ఆకును ఎవరు కొలిచారు? లేతాకుకూ ముదురాకుకూ తేడా, ఈ మొక్కకూ పక్క మొక్కకూ తేడా. నిన్న ఏమీ చేయని దమ్ము ఇవాళ మతి తప్పించవచ్చు. డెబ్భై ఏళ్ల మనిషికి ప్రోస్టేటు వాపు ఉంటే మూత్రం బిగుస్తుంది. నీటికాసులు ఉంటే చూపుకే ముప్పు. పైగా చుట్ట పొగ, అది ఏ ఆకుదైనా, ఉబ్బసానికి శత్రువు. 2020 ఏప్రిల్‌లో కరోనా రాదని ఒక వీడియో చెబితే, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో ఉమ్మెత్త కాయల రసం తాగి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రిలో పడ్డాయి. చెప్పినవాడు బాగానే ఉన్నాడు, తాగినవాళ్లే మంచం పట్టారు.

ప్రశ్న: వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంప అన్నీ ఉమ్మెత్త కుటుంబమేనట. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి అన్నీ మానెయ్యమంటున్నాడు.
– తణుకు

జవాబు: ఏదీ మానక్కర్లేదు. పచ్చబడిన, మొలకెత్తిన బంగాళాదుంపను మాత్రం పారేయండి. అందులో పెరిగే సొలనిన్ ఉడికించినా పోదు.

ప్రశ్న: పొగాకు కోత పనికి వెళ్తాను. మంచు పడ్డ రోజున కోసి వస్తే సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి, వాంతులు. నేను చుట్ట గానీ బీడీ గానీ ముట్టను. మేస్త్రి ఎండదెబ్బ అంటాడు. జనవరిలో ఎండదెబ్బేమిటి?
– దేవరపల్లి దగ్గర ఒక కూలీ

జవాబు: మీ అనుమానమే నిజం తల్లీ. అది నికోటిన్ విషం. ఉమ్మెత్తకు అట్రోపిన్ ఎలాగో పొగాకుకు నికోటిన్ అలాగ, ఇద్దరిదీ ఒకే కుటుంబం. నికోటిన్ నీళ్లలో కరుగుతుంది. ఆకు మీది మంచులో కరిగి, తడిసిన చీర, జాకెట్టు మీదుగా చర్మంలోకి దిగుతుంది. పొగ తాగకపోయినా ఒంట్లోకి వెళుతుంది. అలవాటు లేని ఒళ్లు కాబట్టి మీకే ఎక్కువ బాధ.

మంచు ఆరాకే కోతకు దిగండి. పొడుగు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు వేసుకోండి. బట్టలు తడిస్తే వెంటనే మార్చుకోండి. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయండి. కడుపుతో ఉన్నవాళ్లనూ, పిల్లలనూ ఆ పనికి పంపొద్దు. రైతులకు ఒక మాట: 1947లోనే పొగాకు పరిశోధన కేంద్రం రాజమండ్రిలో పెట్టారు, ఆకు నాణ్యత గురించి మీకు తెలియనిది లేదు. ఆకు కోసే చేతుల గురించి కూడా అంత శ్రద్ధ పెట్టండి. తొడుగులు కొనివ్వాల్సింది మీరే.

ప్రశ్న: మా అన్నయ్య వరిచేలో పురుగుమందు కొడుతూ పడిపోయాడు. ఆస్పత్రిలో గంటల తరబడి ఇంజక్షన్లు చేశారు. తర్వాత లేనివాళ్లతో మాట్లాడాడు, మంచానికి కట్టేశారు. ఉమ్మెత్త విషం ఎక్కించారని ఊళ్లో అంటున్నారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు గానీ ఆ మాట మమ్మల్ని తినేస్తోంది.
– అమలాపురం

జవాబు: ఊళ్లోవాళ్లు అన్నది నిజమే. ఆయనకు ఎక్కించింది అట్రోపిన్. ఉమ్మెత్త తిన్నవాడికి మతి తప్పించే విషాల్లో అదొకటి. మీ అన్నయ్యను బతికించింది కూడా అదే.

ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందు ఒంట్లోకి వెళితే, నరాల చివర ఊరే ఎసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు తుడిచేసే ఎంజైము చచ్చుబడుతుంది. ఆ రసాయనం పేరుకుపోతుంది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత, ఊపిరితిత్తుల నిండా నీరు. మనిషి పొడినేల మీద ఉండే మునిగిపోతాడు. అట్రోపిన్ సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుంది. ఆ తడిని ఆరబెడుతుంది, మందగించిన గుండెను లేపుతుంది.

మన దగ్గర మామూలు ఆంప్యూల్లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. ఆపరేషనుకు ముందు ఒక్కటి చాలు. పురుగుమందు కేసులో పదులు, ఒక్కోసారి వందలు పగలగొట్టాల్సి వస్తుంది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, గురగుర పోయిందా లేదా అని వింటూ మోతాదు పెంచుతారు. ఆ క్రమంలో కాస్త ఎక్కువైతే ఉమ్మెత్త తిన్నవాడిలాగే మాట్లాడతాడు. అప్పుడు మందు తగ్గిస్తారు, తెలివి తిరిగొస్తుంది. కట్టింది సెలైను సూది పీకేసుకోకుండా. అందులో అవమానం ఏమీ లేదు. ఆ రాత్రి మీ అన్నయ్య పక్కన నిద్ర మానుకుని ఛాతీ వింటూ కూర్చున్న పిల్ల డాక్టరును తలుచుకోండి, ఊళ్లో మాటలు వదిలేయండి. చొక్కా లేకుండా, గాలికి ఎదురుగా మందు కొట్టడం మాత్రం ఇకనైనా మానమనండి.

ప్రశ్న: కడియం నర్సరీలో ఏంజెల్స్ ట్రంపెట్ అని కొన్నాం. గంటల్లా కిందికి వేలాడే పెద్ద పూలు. ఇంట్లో ఉండొచ్చా?
– ధవళేశ్వరం

జవాబు: ఉమ్మెత్తకు తోబుట్టువు, అదే విషం. పాకే పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.

ప్రశ్న: మా పాప చేలో కామంచి పండ్లు తింది. ఫోన్లో వెతికితే ప్రాణాంతకమైన నైట్‌షేడ్ అని వచ్చింది. రెండు రోజులుగా నిద్ర లేదు.
– రామచంద్రపురం

జవాబు: రెండు రోజులూ పాప హాయిగా ఉంటే మీరూ హాయిగా నిద్రపోండి. ప్రాణం తీసే నైట్‌షేడ్ బెల్లడోనా. అది ఐరోపా చలిప్రాంతాల మొక్క, దాని బంధువు ఒకటి కాశ్మీరు కొండల్లో ఉంది. మన డెల్టాలో పెరగదు. కామంచి వేరు. నల్లగా మాగిన పండ్లు మనవాళ్లు తింటూనే ఉన్నారు. పచ్చికాయల్లో మాత్రం సొలనిన్ ఉంటుంది, వాటిని తిననివ్వకండి.

ప్రశ్న: వినాయక చవితికి మా బడి పిల్లలు పత్రి కోసం పొలాల మీద పడతారు. ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త కూడా ఉంది కదా. పంపవచ్చా?
– ఒక టీచరు, పాలకొల్లు

జవాబు: పంపండి, వెంట మీరూ వెళ్లండి. దత్తూర పత్రం ఉమ్మెత్త, బృహతీ పత్రం ములక జాతి, రెండూ ఈ కుటుంబానివే. గన్నేరు, జిల్లేడు కూడా విషాలే. మొక్కల పాఠం చెప్పడానికి అంతకన్నా మంచి రోజు ఏడాదిలో రాదు. ఉమ్మెత్త ముళ్లకాయ చీల్చి చూపించండి. గింజలు అచ్చం మిరపగింజల్లా ఉంటాయని, నోట్లో పెట్టకూడదని చెప్పండి. కోశాక చేతులు కడిగించండి. ఆ చేత్తో కన్ను నులుముకుంటే పాప విచ్చుకుని చూపు మసకేస్తుంది.

నేను డ్యూటీ డాక్టరుగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చారు. గాలిలోంచి కనపడని దారాలు లాగుతున్నాడు. కళ్లలో నలుపు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు, నాలుక ఎండి అట్ట కట్టింది. మధ్యాహ్నం నుంచీ అలాగే ఉన్నాడట. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు, చింతపండు రసం పట్టించారు. నిక్కరు జేబులో సగం విరిగిన ముళ్లకాయ దొరికింది. అది చేతికి రాగానే ఏం చేయాలో మాకు తెలిసిపోయింది. మూడోరోజు పొద్దున్న లేచి అన్నం అడిగాడు. వీపు మీద మండల వాతలు మానడానికి అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది.

నోరు ఎండిపోయి, కంటిపాపలు విచ్చుకుని, ఒళ్లు పొడిగా కాలుతూ, పిల్లాడు ఉన్నట్టుండి పిచ్చిగా మాట్లాడితే అది దయ్యం కాదు. నోట్లో ఏమీ పోయకండి, బలవంతంగా వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి. తిన్న కాయో కొమ్మో కవర్లో వేసి వెంట తీసుకురండి. ఏం తిన్నాడో దాచకుండా చెప్పండి. మిమ్మల్ని తిట్టడానికి అడగడం లేదు, మందు కొలవడానికి అడుగుతున్నాం.