విదేశంలో నర్సింగ్ విద్యార్థి మొదట నేర్చుకునేది మీరు ఇక్కడ చేస్తున్న పనే



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి రోగిని తీసుకొని వచ్చే తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "సిస్టరమ్మా, మా అమ్మాయి నర్సింగ్ చదువుతానంటుంది. జర్మనీ పంపిస్తామని ఎవరో చెబుతున్నారు. అక్కడి ఆసుపత్రిలో పిల్లల చేత ఏం పని చేయిస్తారు?" దీనికి జవాబు మీ అమ్మాయికే కాదు, మంచం మీద ఉన్న మీ మనిషికి కూడా ఉపయోగపడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జర్మనీలో 2020 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం నర్సింగ్ శిక్షణ 3 సంవత్సరాలు. అందులో తరగతి చదువు 2,100 గంటలు, ప్రాక్టికల్ 2,500 గంటలు. అంటే చదువు కంటే పనే ఎక్కువ. ఆ పని ఒక్క ఆసుపత్రిలోనే కాదు, వృద్ధాశ్రమాల్లోను, రోగుల ఇళ్లకు వెళ్లి కూడా చేయాలి. ప్రతి విద్యార్థికి నేర్పించడానికి అనుభవం ఉన్న నర్సు ఒకరు ఉంటారు. బ్రిటన్‌లో అయితే ప్రాక్టికల్ 2,300 గంటలు. అక్కడ విద్యార్థిని వార్డు సిబ్బంది లెక్కలో కలపరు, ఆమె నేర్చుకోవడానికి వచ్చిన మనిషి.

మరి మొదటి రోజుల్లో ఏం చేయిస్తారు? సూదులు, సెలైన్లు అనుకుంటారు చాలామంది. కాదు. రోగికి ఒళ్లు తుడవడం, పళ్లు తోమించడం, అన్నం తినిపించడం, పక్కకు తిప్పడం, దుప్పటి మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం. "ఇది ఆయా పని కదా" అని మన పిల్లల్లో కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఒళ్లు తుడిచే మనిషికే వీపు మీద ఎర్రమచ్చ కనబడుతుంది. తినిపించే మనిషికే గుటక సరిగా పడటం లేదని తెలుస్తుంది. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును నమ్ముకున్న మనం ఈ పనిని తక్కువగా చూడకూడదు.

తేడా ఎక్కడంటే, అక్కడ బంధువులు చూడటానికి వచ్చి వెళ్లిపోతారు. ఈ సేవంతా నర్సులదే. మన దగ్గర ఒక్కో సిస్టరుకు ఎన్నో మంచాలు, అందుకని సగం సేవ మీ చేతిలోనే ఉంటుంది. అక్కడ విద్యార్థి నెలల తరబడి ఒకరి పక్కన నిలబడి నేర్చుకునే పనిని మీరు మొదటి రాత్రి నుండే, ఎవరూ నేర్పకుండానే చేస్తున్నారు. కొంతైనా నేర్చుకొని చేస్తే రోగికి ఎంతో మేలు.

అన్నిటికంటే ముఖ్యం తిప్పడం. హైవే మీద ప్రమాదం జరిగి వెన్ను దెబ్బతిన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి పడక పుండ్లు త్వరగా పడతాయి. కదలలేని మనిషిని సుమారు 2 గంటలకోసారి పక్క మార్చాలి. వెన్ను దెబ్బ ఉన్నవారిని మాత్రం మీరొక్కరే తిప్పవద్దు, సిస్టరును పిలవండి. తిప్పేటప్పుడు లాగకూడదు, ఇద్దరు పట్టి లేపి జరపాలి, లాగితే చర్మం చిట్లుతుంది. నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర రోజూ చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు పోకుండా అలాగే ఉంటే అది పుండుకు మొదలు. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు, అప్పుడు చేత్తో తాకి వేడిగా లేదా గట్టిగా ఉందేమో చూడాలి. అక్కడ నూనె పెట్టి రుద్దడం మనవాళ్లకు అలవాటు, దానివల్ల లోపల కండ ఇంకా దెబ్బతింటుంది. రుద్దకండి, మాకు చెప్పండి.

తినిపించడం కూడా అంతే. పడుకోబెట్టి నోట్లో కొబ్బరినీళ్లు పోయడం ప్రతి వార్డులోనూ చూస్తుంటాం. ప్రేమతోనే పోస్తారు, కాని అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇవ్వాలి, తిన్న తర్వాత అరగంట అలాగే కూర్చోనివ్వాలి. మగతగా ఉంటే ఏమీ పెట్టవద్దు. పక్షవాతం వచ్చినవారు మింగగలరో లేదో పరీక్ష చేసి చెప్పేదాకా చుక్క నీరు కూడా వద్దు.

చేతులు సబ్బుతో కడగడానికి 40 నుండి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోగిని ముట్టే ముందు, ముట్టిన తర్వాత కూడా కడగాలి. మూత్రం సంచిని మంచం మీద పెట్టవద్దు, నేలకూ తగలనీయవద్దు, నడుము కంటే కిందుగా వేలాడాలి. సెలైన్ చక్రం మీరు తిప్పకండి. తొందరగా అయిపోతే ఇంటికి పంపరు!

మందు ఇచ్చే ముందు విద్యార్థినులు "మీ పేరు చెప్పండి" అని అడిగితే కొందరు విసుక్కుంటారు, నిన్న చెప్పాం కదా అని. "మీరు మల్లయ్యేనా?" అని అడిగితే చెవి వినబడని తాత దేనికైనా "ఆఁ" అంటాడు. అందుకే పేరు వారి నోటితోనే చెప్పించాలి. రోగి మాట్లాడలేకపోతే మీరు చెప్పండి.

ఇక అమ్మాయిని పంపే సంగతి. ముందు మన దగ్గర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న స్కూలేనా అని చూసుకోండి. జర్మనీకి వెళ్లాలంటే ఆ భాష నెలల తరబడి శ్రద్ధగా నేర్వాలి, రోగి నొప్పి ఎక్కడో చెప్పినప్పుడు అర్థం కావాలి కదా. పొలం అమ్మి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందే అతనికి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూపించమనండి. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ హైదరాబాదులో ఉంది. మొదట అక్కడ విచారించండి.

మీ రోగిని ఇంటికి పంపే ముందు రోజు, తిప్పడం, తినిపించడం, ఒళ్లు తుడవడం మీ చేత చేయించి చూడమని సిస్టరును అడగండి. ఆమె ముందు రెండుసార్లు చేశాకే బండి మాట్లాడుకోండి.