దల్మా కొండకు బయలుదేరే ముందు రోజు

బదిలీ ఉత్తర్వు వస్తే ఇల్లు సర్దడం మనకు కొత్త కాదు. గిన్నెలు పాత చీరల్లో చుట్టి, పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టి, అన్నిటినీ లారీ ఎక్కిస్తాం. ఏదీ వదలకూడదు. కొండ నడకకు సర్దడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ లారీ ఉండదు, మోయాల్సింది మన వీపే.

టాటానగర్‌లో ఉన్నవాళ్ళందరికీ దల్మా కొండ తెలుసు. ఎత్తు సుమారు 3,000 అడుగులు, చుట్టూ ఏనుగులు తిరిగే అభయారణ్యం. పోయిన డిసెంబరులో మేము పన్నెండు మందిమి సార్లతో కలిసి వెళ్ళాం. శిఖరం ఇంకో అరగంట ఉందనగా మా మిత్రుడొకడు కూర్చుండిపోయాడు. బూట్లు విప్పి చూస్తే రెండు మడమలూ బొబ్బలే. అవి ముందు రోజు సాయంత్రం కొన్న బూట్లు! అందరం వెనక్కి తిరిగాం. "వచ్చే ఏడాది వద్దాంలే" అని వాడిని ఓదార్చాం. ఏప్రిల్‌లో వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. వాడు శిఖరం చూడకుండానే వెళ్ళిపోయాడు.

వెనక్కి తిరగడం తప్పు కాదు. తప్పు ముందు రోజే జరిగింది. ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్తున్నాం కాబట్టి, నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

పెద్దల అనుభవం

1984 మే 23న ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్. మన ఊళ్ళోని టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ను చాలా ఏళ్ళు నడిపింది ఆమే. 1997లో ఆమె నాయకత్వంలో మహిళల బృందం అరుణాచల్ ప్రదేశ్ నుంచి సియాచిన్ దాకా హిమాలయాల వెంట 225 రోజుల్లో సుమారు 4,500 కిలోమీటర్లు నడిచింది. భాగించి చూడండి, సగటున రోజుకు 20 కిలోమీటర్లు. ఒక్కరోజు 20 కిలోమీటర్లు మనలోనూ చాలామంది నడవగలరు. మర్నాడు లేచి మళ్ళీ నడవడమే కష్టం. దానికి పాదాలు బాగుండాలి, బరువు తక్కువగా ఉండాలి.

2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. ఆమె సాధన భువనగిరి కొండ మీద మొదలై డార్జిలింగ్, లడఖ్‌లలో సాగింది. బలం నెలల సాధనతోనే వస్తుంది. చివరి సాయంత్రం మనం చేయగలిగినవి నాలుగే పనులు.

1. పాదాలు

వేడి, చెమట, రాపిడి కలిస్తే బొబ్బ లేస్తుంది. కనీసం రెండు వారాలు తొడిగి నడిచిన బూట్లే వేసుకోవాలి. నూలు మేజోళ్ళు చెమట పట్టి తడిగా ఉండిపోతాయి, ఉన్ని లేదా నైలాన్‌వి మేలు. కాలిగోళ్ళు కత్తిరించుకోవాలి. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందు భాగానికి తగులుతాయి.

2. సంచి

సంచి మన బరువులో పదో వంతుకు మించకుండా చూసుకుందాం. 45 కిలోలు ఉన్నవాళ్ళు మోయాల్సింది నాలుగున్నర కిలోలే. రెండు లీటర్ల నీళ్ళు రెండు కిలోలు, ఖాళీ సంచి దాదాపు ఒక కిలో. మిగిలిన కిలోన్నరలో తిండి, స్వెటర్, టార్చి, కట్టుగుడ్డ ఇమడాలి. సామానంతా నేల మీద పరిచి, "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని ఒక్కొక్కటీ అడగండి. జవాబు రాకపోతే తీసేయండి. బరువైనవి వీపుకు దగ్గరగా పెట్టండి.

3. నీళ్ళు, తిండి

దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగాలి. ఓఆర్‌ఎస్ పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉందో అంతలోనే కలపాలి. చింతపండు పులిహోర త్వరగా పాడవదు. వేరుశనగ చిక్కీ, ఇక్కడి సత్తు తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిస్తాయి.

4. గడియారం

1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అంటే 600 మీటర్లు ఎక్కుతూ 10 కిలోమీటర్లు నడవడానికి 3 గంటలు. ఇది ఆగకుండా నడిచే పెద్దల లెక్క. మేము దానికి సగం కలిపి నాలుగున్నర గంటలు అనుకుంటున్నాం.

గుజరాత్ నుంచి బదిలీపై వచ్చిన మిత్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం 6 గంటలకు అటూ ఇటూగా పొద్దు గుంకుతుంది. ఇక్కడ 5 గంటలకే! దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పున ముందుగా అస్తమిస్తాడు. చీకటి పడితే అడవి ఏనుగులది. అందుకే ఏ గంటకు వెనక్కి తిరగాలో ముందు రోజే నిర్ణయించుకోవాలి. శిఖరం కనిపిస్తున్నా ఆ గంటకు తిరగాల్సిందే. వెళ్ళే దారి, తోటివారి పేర్లు, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసి అమ్మకిచ్చి వెళ్ళండి.

అభ్యాసం

మీ బడి సంచిని ఈ రాత్రి తూచండి. మీ బరువులో ఎన్నో వంతో లెక్కించండి. తర్వాత మీరున్న ఊరికి దగ్గరగా ఉన్న కొండ పేరు కనుక్కోండి. రేపటి బదిలీ ఎక్కడికో మనకు తెలియదు. ఈ ఊళ్ళో ఉండగానే, బాగా సిద్ధపడి, ఆ కొండ ఎక్కి రండి.